ఫొటో ఎలా ఉందని కాదు, ఏం కనిపించిందని అడగండి

ఎవరైనా తాము తీసిన ఫొటో చూపించగానే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "సూపర్ అన్నా". రెండోది, "సబ్జెక్టుని మధ్యలో పెట్టేశావు, రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించాల్సింది", అంటే ముఖ్యమైనదాన్ని ఫ్రేములో మూడో వంతు గీత దగ్గర పెట్టాల్సిందని. మొదటిది అన్నవాళ్లకి మంచివాళ్లని పేరొస్తుంది, రెండోది అన్నవాళ్లకి విషయం తెలిసినవాళ్లని పేరొస్తుంది. నా దృష్టిలో ఈ రెండు జవాబులకీ పెద్ద తేడా లేదు. రెండింటినీ ఫొటో వైపు నిలకడగా చూడకుండానే చెప్పేయొచ్చు.

ఫొటోగ్రఫీని జీవనోపాధిగా కాకుండా ఇష్టంతో చేసేవాళ్ల మధ్య చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ఆదివారం తెల్లవారుతుండగా చార్మినార్ దగ్గర కలుసుకుని, లాడ్ బజార్ సందుల్లో తిరిగి, ఎండెక్కాక ఇరానీ చాయ్ ముందు కూర్చుని ఒకరి ఫొటోలు ఒకరం చూసుకునే గుంపు మాది. బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు ఒకరిద్దరు, రిటైరైన ఒక లెక్కల మాస్టారు. కెమెరాల గురించి, లెన్సుల గురించి మా వాళ్లు గంటలు గంటలు మాట్లాడగలరు. ఎదుటివాళ్ల ఫొటో గురించి మాత్రం రెండు వాక్యాలు దాటి మాట్లాడలేరు. లెన్సు కోసం లక్ష పెట్టడానికి వెనకాడని మనిషి కూడా "నా ఫొటోలో నీ కన్ను ముందు ఎక్కడ ఆగింది?" అని పక్కవాణ్ణి అడగడు. పైసా ఖర్చు లేకుండా దొరికే ఆ సమాచారం ఏ కెమెరాలోనూ దొరకదు.

ఎందుకు దొరకదో చెప్తాను. ఫొటో తీసినవాడు అక్కడ ఉన్నాడు. చూసేవాడు లేడు. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కినవాళ్లు చాలామందే ఉంటారు. చీకట్లోనే బయల్దేరి, టార్చి వెలుగులో రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ పైకి చేరతాం. వేళ్లు చలికి కొంకర్లు పోతుంటాయి. తెల్లారేసరికి కాళ్ల కింద లోయ నిండా మేఘాలు. ఆ క్షణంలో నొక్కిన ఫొటోలో తీసినవాడికి ఆ చలి ఉంటుంది, ఆ ఎక్కుడు ఉంటుంది, పక్కన నిలబడ్డ స్నేహితుడు "ఒరేయ్ చూడరా" అని అరిచిన అరుపు కూడా ఉంటుంది. ఇంటికొచ్చి దాన్ని ఎన్నిసార్లు చూసుకున్నా అవన్నీ అతనికి వస్తూనే ఉంటాయి. వాటిని తీసేసి చూడమంటే అతని వల్ల కాదు. ఎవరి వల్లా కాదు.

అలాంటి ఫొటో ఒకటి మా గుంపులో చేతులు మారుతున్నప్పుడు అందరూ "అబ్బ, ఏం మేఘాలు" అన్నారు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "నాకు ముందు ఎడమ అంచున ఉన్న నారింజ జాకెట్ కనిపించింది. ఆ అబ్బాయి ఎవరు, ఏం చూస్తున్నాడు అని ఆలోచించాను. మేఘాల దగ్గరికి తర్వాత వెళ్లాను" అన్నారు. తీసిన కుర్రాడు ఆ జాకెట్‌ని అప్పటిదాకా చూడనే లేదు. అది ఎవరో పర్యాటకుడిది, ఫ్రేములోకి సగం వచ్చింది. బూడిద రంగు, లేత నీలం తప్ప వేరే రంగు లేని ఫొటోలో అదొక్కటే వేడి రంగు. చూసేవాడి కన్ను అక్కడికి పోక మానదు. మాస్టారు బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. తన కన్ను నడిచిన దారి చెప్పారు, అంతే. ఆ కుర్రాడికి అంతకంటే పనికొచ్చే మాట ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు.

అందుకే నా వాదన ఇది. ఔత్సాహికులు తీసిన ఫొటో గురించి మాట్లాడేటప్పుడు మంచిచెడ్డల తీర్పు ఆఖరున రావాలి, అసలు రాకపోయినా నష్టం లేదు. ముందు రావలసింది సాక్ష్యం. నేను ఏం చూశాను, ఏ వరసలో చూశాను, ఎక్కడ ఆగాను, ఎక్కడ నాకు అర్థం కాలేదు. ఇది చెప్పడానికి ఫొటోగ్రఫీ తెలియనక్కర్లేదు. కెమెరా పట్టని మీ అమ్మగారు కూడా చెప్పగలరు. చాలాసార్లు ఆమే బాగా చెప్తారు, ఎందుకంటే ఆమె దగ్గర దాక్కోవడానికి టెక్నికల్ మాటలు లేవు.

ఇంకో సంగతి. చూసేవాడు ఏం చూస్తాడన్నది మనం అడిగే ప్రశ్నను బట్టి మారిపోతుంది. దీన్ని సోవియట్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ కంటి కదలికలను నమోదు చేసి చూపించాడు. రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ వేసిన ఒక చిత్రాన్ని చూపిస్తూ ఒకే మనిషిని వేరువేరు ప్రశ్నలు అడిగాడు. ఊరికే చూడమన్నప్పుడు చూపు ఒకలా తిరిగింది. ఇందులో ఉన్నవాళ్ల వయసులు ఎంతని అడిగితే మొహాల మీదే తిరిగింది. ఆ కుటుంబం స్థితిగతులు ఎలాంటివని అడిగితే బట్టల మీదకి, సామాన్ల మీదకి పోయింది. ఆ పరిశోధన 1967లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. చిత్రం అదే, కళ్లు అవే. ప్రశ్న మారింది, చూపు మారింది.

దాన్ని మన ఫొటోకి అన్వయించి చూడండి. "ఎలా ఉంది?" అని అడిగితే ఎదుటివాడు మార్కులు వేసే చూపుతో చూస్తాడు, లేకపోతే మనల్ని నొప్పించకుండా ఏం అనాలా అని వెతుక్కుంటూ చూస్తాడు. "ఇందులో ఏం జరుగుతోందని నీకు అనిపిస్తోంది?" అని అడిగితే ఫొటో లోపలికి వెళ్లి చూస్తాడు. "ఏ మూలనైనా చెయ్యి అడ్డం పెట్టి చూడు, ఏమైనా నష్టపోతున్నామా?" అని అడిగితే అంచులు చూస్తాడు. కాబట్టి మంచి సలహా రాలేదని బాధపడేవాళ్లు ముందు తాము ఏం అడిగారో గుర్తు చేసుకోవాలి. అడగడంలోనే సగం పని ఉంది.

సాక్ష్యం చెప్పాక కారణం దగ్గరికి రావచ్చు. ఇక్కడే తెలిసినవాళ్ల తెలివి ఉపయోగపడుతుంది. కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మన సంభాషణలు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే.

గుంటూరు పక్కన ఉప్పలపాడుకి పక్షుల కోసం వెళ్లని ఫొటో ఔత్సాహికులు కోస్తాలో తక్కువ. చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్లకొంగలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ తీసిన ఒక తెల్లకొంగ ఫొటో గురించి అనుకుందాం. వెనకాల ముదురు ఆకుపచ్చ ఆకులు, ముందు ఎండలో కొంగ. ఫొటోలో కొంగ ఆకారం ఉంది, ఈకలు లేవు. రెక్కంతా తెల్ల కాగితం కత్తిరించి అంటించినట్టుంది. దీనికి మామూలుగా వచ్చే జవాబులు, "ఓవర్ ఎక్స్‌పోజ్ అయింది బ్రో", "ఈ లెన్సుతో ఇంతే, 600 ఎంఎం తీసుకో". మొదటిది, అంటే వెలుతురు మితిమీరిందన్నది, నిజమే, కానీ అక్కడితో ఆగిపోతుంది. రెండోది దూరపు పక్షిని దగ్గరగా చూపే పెద్ద లెన్సు గురించి, దానికి ఈ ఫొటోలోని లోపంతో సంబంధమే లేదు.

పనికొచ్చే మాట మూడు మెట్లు దిగుతుంది. మొదటి మెట్టు చూసినది, "నాకు ఈకలు కనిపించడం లేదు". రెండోది కారణం. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎదురుగా ఉన్నది మొత్తం మీద నడిమి బూడిద రంగు అంత వెలుతురుతో ఉండాలని లెక్క వేసుకుంటుంది. ఫ్రేములో ఎక్కువ భాగం ముదురు ఆకులే కాబట్టి, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచింది. ఆ పెంపు అంతా కొంగ మీద పడింది. వెలుతురుని పట్టే సెన్సరు ఒకసారి నిండిపోయాక అక్కడ వివరం నమోదు కాదు, ఆ తర్వాత ఎడిటింగులో ఎంత తగ్గించినా తెలుపు బూడిదవుతుంది గానీ ఈక రాదు. మూడోది ఈసారి ఏం చేయాలన్నది. కెమెరా లెక్కని సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 దగ్గర పెట్టు, మరీ తెల్లబడ్డ చోట్లని చూపించే హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుని రెక్క మినుకు మినుకుమంటోందేమో చూసుకో, కుదిరితే సెన్సరు పట్టినదంతా దాచే రా ఫైలు తియ్యి. ఇదే కొంగ ఫ్రేము నిండా ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కెమెరా తెలుపుని చూసి భయపడి చీకటి చేస్తుంది, కాంపెన్సేషన్ ప్లస్ వైపు పెట్టాలి. ఈ రెండు ముక్కలూ అర్థమైన కుర్రాడు కొంగల దగ్గర నేర్చుకున్నది తెల్లచీర కట్టుకున్న నాయనమ్మ ఫొటోకి కూడా వాడుకుంటాడు. "ఓవర్ ఎక్స్‌పోజ్" అన్న ఒక్క మాటతో వదిలేస్తే ఆ ఫొటో చెడిపోయిందని మాత్రమే తెలుస్తుంది.

మొదటి మెట్టు వదిలేసి నేరుగా మూడోదానికి దూకేవాళ్లు మన దగ్గర ఎక్కువ. "మైనస్ 1 పెట్టు" అని చెప్పేస్తారు. తీసినవాడు ఆ చుట్టూ ఉన్న చీకటిని, ఆ తెల్లని వెలుగుని కావాలనే అలా వదిలాడేమో, ఈకలు తనకు అక్కర్లేదేమో ఎవరూ అడగరు. తన ఉద్దేశం ఏమిటో తెలుసుకోకుండా పరిష్కారం చెప్తే అది మన ఫొటోకి చెప్పుకున్న పరిష్కారం అవుతుంది.

ఫోన్‌తో తీసేవాళ్ల పట్ల మన గుంపుల్లో జరిగే అన్యాయం గురించి కూడా చెప్పాలి. మా దగ్గర ఒకామె ఫోన్‌తోనే తీస్తారు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం తీసిన ఫొటో ఒకటి తెచ్చారు. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు, మధ్యలో తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు. ఆమెకు వచ్చిన సలహా ఒకటే, "మేడమ్, ఫోన్‌తో ఇంతకంటే రాదు, ఒక మంచి కెమెరా కొనేయండి". నేను చూసినది చెప్పాను. నాకు అది సాయంత్రంలా అనిపించలేదు, మధ్యాహ్నం మూడింటి వెలుతురులా ఉంది. తంగేడు పువ్వులు విడివిడిగా కనిపించడం లేదు, పసుపు ముద్దలా ఉన్నాయి.

రెండింటికీ కారణాలున్నాయి, రెండూ ఫోన్ లోపలే సరిచేసుకోవచ్చు. ఇప్పటి ఫోన్లు ఒక నొక్కుకి వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తాయి, నీడల్ని పైకి లేపుతాయి. సాయంత్రాన్ని సాయంత్రంగా చూపించే నీడలే పోతాయి. తెర మీద పువ్వుల దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి లాగితే వెలుతురు తగ్గుతుంది, పొద్దు తిరిగొస్తుంది. పసుపు సంగతి ఎడిటింగులోది. రంగుల చిక్కదనాన్ని, అంటే శాచురేషన్‌ని పెంచినకొద్దీ అసలే చిక్కగా ఉన్న పసుపు, ఎరుపు ముందుగా అంచుకి చేరిపోతాయి. పువ్వుకి పువ్వుకి మధ్య ఉన్న చిన్న చిన్న తేడాలు చెరిగిపోతాయి. ఆ స్లైడర్‌ని వెనక్కి తీసుకురమ్మన్నాను. ఆమె అక్కడే కూర్చుని సరిచేసి చూపించారు. కెమెరా కొనమన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ ఫొటోలోని పువ్వుల్ని చూడలేదని నాకు ఖాయంగా తెలుసు.

ఆడవాళ్ల ఫొటోల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. అడగకపోయినా సెట్టింగుల పాఠం మొదలవుతుంది, లేదా "బాగుంది మేడమ్" అని మర్యాదగా తప్పించుకుంటారు. పక్కనే ఉన్న మగవాడి ఫొటో మీద అరగంట చర్చ నడుస్తుంది. ఆ అరగంట దక్కకపోతే మనిషి ఎదగడానికి దారి లేదు. మర్యాద పేరుతో ఒకరికి చూపు ఇవ్వకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇక సూత్రాల గురించి. ఫ్రేముని మూడు భాగాలు చేసి చూసే ఆ రూల్ ఆఫ్ థర్డ్స్ పేరు 1797లోనే ఇంగ్లండులో జాన్ థామస్ స్మిత్ రాతల్లో కనిపిస్తుంది. ప్రకృతి దృశ్యాలు చిత్రించేటప్పుడు నేల ఎంత, ఆకాశం ఎంత, వెలుతురు ఎంత, చీకటి ఎంత అన్న పాళ్ల గురించి ఆయన మాట్లాడాడు. ఫొటోగ్రఫీ ఇంకా పుట్టనేలేదు. ఇప్పుడది ప్రతి ఫోన్ తెర మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలై కూర్చుంది. సూత్రం మీద నాకు కోపం లేదు, కొత్తవాళ్లకి అది మంచి మొదలు. కానీ చార్మినార్‌ని తూర్పు వైపు నుంచి నడిమధ్య నిలబెట్టి తీసిన ఫొటోకి "సబ్జెక్టు సెంటర్లో ఉంది" అని తప్పు పట్టినప్పుడు ఊరుకోలేను. నాలుగు వైపులా ఒకేలా ఉండేలా కట్టిన కట్టడం అది. దాన్ని పక్కకి జరిపితే ఆ సమానత్వం పోతుంది. జరపడం వల్ల వేరే ఏదైనా దొరికితే జరపొచ్చు, ఒక రిక్షా, ఒక గాజుల దుకాణం, పావురాలు లేచే జాగా. ఏమీ దొరకనప్పుడు ఎందుకు జరపాలి? సూత్రం తప్పిందని చెప్పేవాళ్లు, తప్పడం వల్ల తమ కంటికి ఏం ఇబ్బంది కలిగిందో కూడా చెప్పాలి. ఇబ్బంది కలగకపోతే చెప్పడానికి ఏమీ లేదు.

సూత్రాలు మర్చిపోయి చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ ఫొటోలను తలకిందులుగా పట్టుకుని పరీక్షించేవాడని ప్రసిద్ధి. తిప్పగానే మొహం మొహంగా, గుడి గుడిగా కనిపించడం మానేస్తాయి. ముదురు ఆకారాలు, లేత ఆకారాలు, వాటి బరువు మాత్రం మిగులుతాయి. ఫొటో ఏ పక్కకి ఒరుగుతోందో వెంటనే తెలుస్తుంది. మా గుంపులో దీన్ని అలవాటు చేశాక మాటలు బాగా మారాయి. ఇంకో పద్ధతి అమెరికన్ ఫొటోగ్రాఫర్ మైనర్ వైట్‌ది. తన దగ్గర నేర్చుకునేవాళ్లని ఒకే ఫొటో ముందు చాలాసేపు మౌనంగా కూర్చోబెట్టేవాడు. బొటనవేలితో పైకి తోసేస్తూ చూసే అలవాటున్న మనకి ఇది కష్టమే. అయినా ఒక ప్రింటు చేతిలో పెడితే ఎంత తొందరపడే మనిషైనా కాసేపు ఆగుతాడు. కలర్ ల్యాబులో ప్రింటు వేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఫోన్ తెర మీద కంటే ప్రింటు మీద మాట్లాడుకున్న మాటలు ఎప్పుడూ మెరుగ్గా ఉన్నాయి, ఇది నా అనుభవం.

మెప్పు వద్దని నేను అనడం లేదు. మొహమాటానికి చెప్పే మెప్పు వద్దంటున్నాను. అవ్రహం క్లూగర్, ఏంజెలో డినిసి అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అంతకుముందు జరిగిన అధ్యయనాలను కూడగట్టి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగుపడింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదకి మళ్లినకొద్దీ దాని బలం తగ్గుతుందన్నది వాళ్ల వివరణ. "నీకు కన్నుంది అన్నా" అనే పొగడ్తా, "నీకు కాంపోజిషన్ రాదు" అనే తెగడ్తా రెండూ మనిషి మీద పడేవే. "ఆ ముసలాయన చేతి మీద పడ్డ కిటికీ వెలుతురు దగ్గర చాలాసేపు ఆగిపోయాను" అన్నది పని మీద పడే మెప్పు. అది విన్నవాడు వచ్చే వారం మళ్లీ కిటికీ పక్కకి వెళ్తాడు. ఏది పనిచేసిందో తెలియని మనిషి దాన్ని మళ్లీ ఎలా చేయగలడు? తప్పు ఎక్కడో చెప్పడం ఎంత అవసరమో, ఒప్పు ఎక్కడో చెప్పడం కూడా అంతే అవసరం. కొత్తవాళ్లకి ఇంకా ఎక్కువ.

మార్కుల విషయంలో నాది కచ్చితమైన అభిప్రాయం. అంతర్జాతీయ ఫొటో సమాఖ్య ఫియాప్ 1950లో, మన దేశపు ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ 1953లో ఏర్పడ్డాయి. వాటి ఆమోదంతో జరిగే, సలోన్ అని పిలిచే ఫొటో పోటీలు మన తెలుగు ఔత్సాహికుల్లో ఎంతోమందికి ఉత్సాహాన్నిచ్చాయి, దానికి గౌరవం ఉంది. సాధారణంగా ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉంటారు, ఎంట్రీలు కుప్పలుగా వస్తాయి, ఒక్కో ఫొటో తెర మీద క్షణాలు మాత్రమే ఉంటుంది, మార్కులు పడతాయి. పోటీకి అది తప్పదు. కానీ ఆ పద్ధతిని మనం చాయ్ బల్ల దగ్గరికి తెచ్చుకోవడం ఎందుకు? పదికి ఏడు అంటే ఏం నేర్చుకోవాలి? ఏ ఫొటోలకు మార్కులు పడుతున్నాయో చూసి అవే తీయడం నేర్చుకుంటాం. అందుకే దుమ్ములో గొర్రెల మంద, వల విసిరే జాలరి, బీడీ పొగ వదిలే ముసలాయన మళ్లీ మళ్లీ వస్తుంటారు.

రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనం ఇక్కడ నాకు గుర్తొస్తుంది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తీ పెరిగింది, పనీ మెరుగుపడింది. మార్కులు, వ్యాఖ్యలు కలిపి ఇచ్చినప్పుడు ఆ మేలు జరగలేదు. లైకుల లెక్క కింద రాసే మంచి మాట ఎందుకు ఇంకిపోతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఇప్పుడు అందుకునేవాళ్ల సంగతి. ఫొటో ఇచ్చాక మాట్లాడకుండా ఉండాలి. "ఇది పొద్దున్నే తీశాను, లైటు సరిగ్గా లేదు, అప్పుడే ఒకడు అడ్డొచ్చాడు" అని మొదలుపెట్టగానే చూసేవాడి కన్ను మన మాటల వెంట నడుస్తుంది. మనకి కావలసిన సాక్ష్యం చెడిపోతుంది. శీర్షిక కూడా చెప్పకూడదు. ముందు వాళ్లని చూడనివ్వాలి, చెప్పనివ్వాలి, రాసుకోవాలి. ఆ తర్వాత మన ఉద్దేశం చెప్పి, రెండింటి మధ్య దూరం ఎంతో కొలుచుకోవాలి.

అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990 ప్రాంతంలో రూపొందించిన ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. నృత్యానికి పుట్టినదైనా ఫొటోలకి సరిగ్గా సరిపోతుంది. చూసినవాళ్లు ముందు తమకు పట్టినది, ఆకట్టుకున్నది చెప్తారు. తర్వాత కళాకారుడు తన సందేహాలు అడుగుతాడు. ఆపైన చూసినవాళ్లు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు అడుగుతారు. చివరిది అభిప్రాయం, అది కూడా "ఫలానా దాని గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?" అని అడిగి, ఒప్పుకుంటేనే. ఆ అడగడం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అమ్మ చనిపోయిన కొన్నాళ్లకి ఆమె ఫొటో పంపినవాడికి వెనకాల గోడ గజిబిజిగా ఉందని చెప్పినవాళ్లను చూశాను. ఆ మనిషి ఫొటో గురించి అడగలేదు. అమ్మ గురించి చెప్పుకోవాలనుకున్నాడు.

వచ్చిన ప్రతి సలహానీ పాటించనక్కర్లేదు. ఒకరు క్రాప్ చేయమంటారు, ఇంకొకరు ఇంకా వెడల్పుగా తీయాల్సిందంటారు, మూడోవారు బ్లాక్ అండ్ వైట్ చేయమంటారు. ముగ్గురి మాటా వింటే పిచ్చెక్కుతుంది. ఆ ముగ్గురూ ఫొటోలో ఏ చోటు గురించి మాట్లాడుతున్నారో చూడండి. కుడి పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ముగ్గురినీ ఇబ్బంది పెట్టి ఉండొచ్చు. ఒకరు దాన్ని కోసేయమన్నారు, ఒకరు దానికి చోటు కల్పించమన్నారు, ఒకరు దాని రంగు తీసేయమన్నారు. కుర్చీ సంగతి నమ్మాలి. దాన్ని ఏం చేయాలన్నది మీ నిర్ణయం.

ఫొటో ఎలా వచ్చిందన్న దాంతో పాటు ఎలా తీశావన్నది కూడా అడగాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. నేలపట్టులో, ఉప్పలపాడులో, పులికాట్ ఒడ్డున పక్షుల ఫొటోలు తీసేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. గూడుకి బాగా దగ్గరగా వెళ్తే తల్లి పక్షి లేచిపోతుంది, పిల్లలు ఎండకి, కాకులకి దొరికిపోతాయి. మేత మేస్తున్న రాజహంసల గుంపు ఒక్కసారి ఎగిరే ఫొటో చాలా అందంగా ఉంటుంది. అవి ఎందుకు ఎగిరాయి? ఎవరైనా చప్పట్లు కొట్టారా? అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది. ఇది చెప్పాల్సిన చోట "షార్ప్‌గా ఉంది అన్నా" అని ఊరుకుంటే మనం ఆ పద్ధతికి చేయూతనిచ్చినట్టే. మనుషుల ఫొటోల విషయంలోనూ అంతే. గుడి మెట్ల మీద నిద్రపోతున్న మనిషి మొహం దగ్గరికి జూమ్ చేసిన ఫొటో ముందు నేను వెలుతురు గురించి మాట్లాడను. ఆయన్ని అడిగావా అని అడుగుతాను.

ఆఖరుగా, మన దగ్గర దాదాపు ఎవరూ చేయని ఒక పని గురించి. మనం ఎప్పుడూ ఎంచుకుని తెచ్చిన ఒక్క ఫొటో గురించే మాట్లాడతాం. దాని ముందూ వెనకా తీసిన ఫ్రేములు అడగం. ఫిల్ము రోజుల్లో రీలంతా ఒకే కాగితం మీద చిన్న చిన్న బొమ్మలుగా వేసుకుని, భూతద్దంతో చూసి ఎంచుకునేవాళ్లు. ఎంపికలో పొరపాటు ఎక్కడ జరిగిందో పక్కవాళ్లకి తెలిసేది. హైదరాబాదులో 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్ లాంటి చోట్ల జరిగే పోర్ట్‌ఫోలియో రివ్యూల్లో కూడా ఒక్క ఫొటో కాకుండా వరస చూస్తారు. మనిషి ఏం వెతుకుతున్నాడో వరసలో తెలుస్తుంది.

మా గుంపులో చదువుకునే అమ్మాయి ఒకతె విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక ఫొటో తెచ్చింది. సూర్యోదయం, పడవల వరస, నారింజ నీళ్లు. చక్కగా ఉంది, మేమంతా అంతకుముందు చూసినట్టే ఉంది. మెమరీ కార్డులో ఉన్నవన్నీ చూపించమ్మా అని మాస్టారు అడిగారు. సిగ్గుపడుతూ ల్యాప్‌టాప్ తెరిచింది. పడవల తర్వాత చేపల వేలంపాట దగ్గర తీసిన ఫ్రేములు ఉన్నాయి. ఒక దాంట్లో చేపల బుట్టల మధ్య నిలబడ్డ ఒకావిడ చెయ్యెత్తి ధర అరుస్తోంది. ఆమె వెనకాల ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటున్నారు. చెయ్యి కాస్త కదిలి మసకగా వచ్చింది. అందుకే పక్కన పడేశానంది ఆ అమ్మాయి. ఆ చెయ్యి దగ్గరే మా కళ్లు ఆగాయి. అక్కడి నుంచి వెనకాల ఆడవాళ్ల మొహాల మీదకి, తర్వాత బుట్టల్లోకి, మళ్లీ చేతి మీదకి తిరిగాయి. ఒక్కొక్కరం మా కన్ను వెళ్లిన దారి చెప్తుంటే ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. పడవల ఫొటో గురించి ఎవరూ చెడుగా మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఆ తర్వాతి సెలవులకి హార్బరుకి వెళ్తే సూర్యోదయం కోసం ఆగకుండా నేరుగా వేలంపాట దగ్గరికే వెళ్తానంది. అక్కడ షట్టర్ స్పీడు, అంటే షట్టరు తెరుచుకుని ఉండే సమయం, ఎంత పెడితే చెయ్యి అంతే మసకగా వస్తుందో మాస్టారితో కూర్చుని లెక్క వేసుకుంది.